గాజు తొడిగినట్టు టైరు తొడగాలి



మా చిన్నప్పుడు మా వీధిలోకి గాజులాయన వచ్చేవాడు. భుజాన గాజుల మలారం. మా అక్క అరుగు మీద కూర్చుని చెయ్యి చాచేది. గాజు చూస్తే చిన్నది. చెయ్యి చూస్తే పెద్దది. ఇదెలా పడుతుందా అని నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఆయన తొందరపడేవాడు కాదు. అక్క బొటనవేలు అరచేతిలోకి మడిచేవాడు. కణుపులు నాలుగూ దగ్గరికి నొక్కేవాడు. గాజును ఒక పక్కకి వాల్చి, మెల్లగా జారనిచ్చేవాడు. మరీ బిగుతైతే కాస్త సబ్బు నురగ రాసేవాడు. గాజు పగిలేది కాదు. చర్మం గీరుకునేది కాదు.

ఆ గాజును మనసులో ఉంచుకోండి. ఇవాళ నేను మాట్లాడబోయేది మోటారు సైకిలు టైరు గురించి. చిన్న బండి టైరును మనం ఇంటి దగ్గరే విప్పి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. లోపలి ట్యూబుకు చిల్లు పడకుండా ఎక్కించుకోవచ్చు. దానికి కావలసింది గాజులాయన ఒడుపు.

ముందు ఏ బండి గురించి చెప్తున్నానో చెప్పేస్తాను. చువ్వల చక్రం ఉండి, టైరులో ట్యూబు ఉన్న బండి. మన ఊళ్లలో అందరికీ తెలిసిన టీవీఎస్ ఎక్సెల్ ఉంది. పాత స్ప్లెండర్ ఉంది. ఇలాంటివి. ఎక్సెల్ టైరు మీద 2.50 - 16 అని ఉంటుంది. అంటే టైరు వెడల్పు రెండున్నర అంగుళాలు, రిమ్ము అడ్డకొలత పదహారు అంగుళాలు. పాత స్ప్లెండర్‌కు 2.75 - 18. అంటే పావుతక్కువ మూడు అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల రిమ్ము. సన్న టైర్లు ఇవి. చేతులతో లొంగుతాయి. ట్యూబు లేని టైర్లు, అంటే ట్యూబ్‌లెస్ టైర్లు, వేరే రకం. వాటి అంచు రిమ్ముకు గట్టిగా పట్టేసి ఉంటుంది. వాటిని ఇంట్లో విప్పొద్దు, షాపుకే తీసుకెళ్లండి.

ఎక్సెల్ బండి మీద ఎవరు తిరుగుతారో మీకు తెలుసు. తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకుని బయల్దేరే ఆయన. చేపల బుట్ట పెట్టుకుని ఊరూరూ తిరిగే ఆమె. పశువులకు పచ్చగడ్డి మోపు తెచ్చే రైతు. ఆ బండి పొద్దున్నే కదలకపోతే ఆ పూట పాలు విరిగిపోతాయి. నాలుగున్నర గంటలకు ఏ పంచరు షాపు తీసి ఉంటుంది? అందుకే ఈ పని ఇంట్లో ఒక్కరికైనా వచ్చి ఉండాలి అంటాను నేను.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు మా నాన్నగారి బండికి వెనక చక్రంలో మేకు దిగింది. ఇంట్లో ఉన్న పెద్ద స్క్రూ డ్రైవరు రెండు తీసుకున్నాను. బలమంతా పెట్టి టైరు విప్పాను. పంచరు వేశాను. మళ్లీ బలమంతా పెట్టి ఎక్కించాను. గాలి కొట్టాను. పది నిమిషాల్లో దిగిపోయింది. మళ్లీ విప్పి, ట్యూబును నీళ్లలో ముంచి చూస్తే, పక్కపక్కనే రెండు కోతలు. అవి మేకు చేసినవి కావు. స్క్రూ డ్రైవరు మొనకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పడినవి.

ఇంట్లో టైరు మార్చేవాళ్లకు ట్యూబు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే. మేకు ఒక చిల్లు చేస్తుంది. తొందర రెండు చేస్తుంది. ఆ తర్వాత నేను పంచరు షాపు దగ్గర కూర్చుని చూశాను. అక్కడి ఆయన బక్కపల్చటి మనిషి. మోకాలితో టైరును ఒకచోట నొక్కి పట్టాడు. రెండో పక్క నుంచి టైరు అంచు వదులుగా లేచి వచ్చేసింది. ఆయన బలం పెట్టనే లేదు. అప్పుడు నాకు గాజులాయన గుర్తొచ్చాడు.

ఇప్పుడు ఆ కిటుకు చెప్తాను. ఇవాళ్టి ప్రసంగంలో అసలు మాట ఇదే. కాస్త శ్రద్ధగా వినండి.

టైరుకు రెండు అంచులు ఉంటాయి కదా. రిమ్ములో కూర్చునే అంచులు. ఆ అంచు లోపల ఉక్కు తీగ ఉంటుంది. రబ్బరు సాగుతుంది గానీ ఉక్కు తీగ సాగదు. అంటే టైరు అంచు గాజు లాంటిది. ఎంత లాగినా పెద్దది కాదు.

ఇక రిమ్ము. రిమ్మును చెయ్యి అనుకోండి. దాన్ని అడ్డంగా కోసి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను. పొలం మధ్య కాలవను ఊహించుకోండి. రెండు పక్కలా గట్లు. గట్టును ఆనుకుని ఒక మెట్టు. మధ్యలో లోతుగా గాడి. రిమ్ము కూడా అంతే. అటూ ఇటూ గట్టు. గట్టు పక్కన మెట్టు. నడుమ గాడి. గాలి నిండా ఉన్నప్పుడు టైరు అంచు మెట్టు మీద కూర్చుంటుంది. గట్టు దాన్ని బయటికి పోనివ్వదు.

మరి విప్పేటప్పుడు అంచు గట్టు దాటి రావాలి. గట్టు చుట్టుకొలత పెద్దది. తీగ చుట్టుకొలత చిన్నది. తీగ సాగదు. ఎలా వస్తుంది? చెయ్యి సన్నం చేస్తే గాజు వచ్చినట్టు వస్తుంది. రిమ్ములో సన్నటి చోటు ఆ నడిమి గాడి. టైరు అంచును ఒక పక్క మెట్టు మీంచి దించి, గాడిలోకి తోసెయ్యండి. ఆ పక్క తీగ లోపలికి దిగింది కదా. దిగినంత మేరా ఎదురు పక్క వదులు దొరుకుతుంది. ఆ వదులుతోనే అంచు గట్టు దాటుతుంది.

మళ్లీ చెప్తాను. ఒక పక్క గాడిలోకి దిగితే, ఎదురు పక్క వదులవుతుంది. మీరు లివరు, అంటే టైరు అంచును లేపే పనిముట్టు, పెట్టి లేపుతున్న చోట అంచు బిగుసుకుపోయిందంటే, తప్పు అక్కడ లేదు. ఎదురు పక్కన ఉంది. అక్కడ అంచు గాడిలోంచి మెట్టెక్కి కూర్చుంది. లివరు మీద బలం పెంచకండి. లివరు వదిలెయ్యండి. ఎదురు పక్కకు వెళ్లి, అంచును మళ్లీ గాడిలోకి నొక్కండి.

ఈ గాడి వెనక ఒక చరిత్ర ఉంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు సైకిలు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ తొలి టైర్లను రిమ్ముకు అంటించేసేవారు. పంచరు పడితే మొత్తం ఊడబీకాలి. రెండేళ్ల తర్వాత, 1890లో, ఇంగ్లండులో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ ఒక ఆలోచన చేశాడు. టైరు అంచుల్లో సాగని తీగ పెట్టాడు. రిమ్ము నడుమ గాడి పెట్టాడు. అంటించే పని లేదు, చేత్తో తీసి చేత్తో పెట్టొచ్చు. నూట ముప్పయ్యేళ్లు దాటింది. ఇవాళ మన ఊరి ఎక్సెల్ బండి చక్రంలో ఉన్నది కూడా అదే గాడి. అంత మంచి ఏర్పాటు కళ్లెదుట ఉంటే, దాన్ని వదిలేసి మనం బలంతో కుస్తీ పడుతున్నాం. నాకు బాధగా ఉండేది అదే.

సరే, పనిలోకి దిగుదాం. బండిని సెంటర్ స్టాండు మీద నిలపండి. చక్రం విప్పేటప్పుడు వచ్చే వాషర్లు, బుష్షులు, నట్టు, అన్నీ ఒక పాత గుడ్డ మీద వచ్చిన వరసలోనే పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు ఆ వరసే మీకు దారి చూపిస్తుంది. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే, అది ఎటు తిరిగి ఉందో చూసుకోండి. కింద మట్టి తగలకుండా గోనె సంచి పరిచి, చక్రాన్ని దాని మీద పడుకోబెట్టండి.

ఇప్పుడు గాలి తియ్యాలి. వాల్వులో పిన్ను నొక్కి వదిలేస్తే చాలదు. పిన్ను మొత్తం బయటికి విప్పెయ్యండి. విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి, గాలి ఒత్తిడికి పిన్ను ఎగిరి వస్తుంది. లోపల కొంచెం గాలి మిగిలినా టైరు మొండికేస్తుంది. గాలంతా పోయాక వాల్వు మొదట్లో ఉన్న నట్టు తీసి, వాల్వును లోపలికి కాస్త తొయ్యండి.

తర్వాత టైరు మీదికి ఎక్కండి. చెప్పులతోనే ఎక్కండి. మడమతో టైరు పక్కను, రిమ్ముకు దగ్గరగా తొక్కుతూ చుట్టూ తిరగండి. అంచు మెట్టు వదిలి గాడిలోకి జారుతుంది. చక్రం తిరగేసి, రెండో పక్క కూడా తొక్కండి. టైరు పాతదై బిర్రుగా ఉంటే అరగంట ఎండలో పెట్టి తియ్యండి. ఎండకు రబ్బరు మెత్తబడుతుంది. మన వేసవిలో అరగంట కూడా అక్కర్లేదు.

ఇక లివర్లు. టైరు లివర్లే వాడండి. స్క్రూ డ్రైవరు వద్దు, గునపం ముక్క వద్దు, కొడవలి పిడి వద్దు. స్క్రూ డ్రైవరు మొన పదునుగా ఉంటుంది, ట్యూబును కోసేస్తుంది. కొత్త లివర్లు కొన్నా సరే, అంచుల మీద వేలు పెట్టి రుద్ది చూడండి. వేలికి గరుకు తగిలితే ఆకురాయితో రుద్ది నున్నగా చెయ్యండి. వేలికి గుచ్చుకునేది ట్యూబుకూ గుచ్చుకుంటుంది. చిన్న లివర్లు మూడు ఉంటే మంచిది. పొడుగు లివరుతో బలం ఎక్కువ పడుతుంది. ఎక్కువ బలం పడితే తప్పు జరిగినట్టు చేతికి తెలియదు. అందుకే నాకు చిన్న లివర్లే ఇష్టం.

ఎక్కడ మొదలుపెట్టాలి? వాల్వు దగ్గర. ఎందుకంటే వాల్వు ఉన్నచోట గాడిలో అడ్డం ఉంటుంది, అక్కడ అంచు లోతుకు దిగదు. కాబట్టి గాడిలోకి దిగాల్సింది వాల్వుకు ఎదురు పక్క. గట్టు దాటాల్సింది వాల్వు పక్క. ఇది గుర్తుపెట్టుకోవడానికి తేలిక మాట ఒకటి ఉంది. విప్పడం వాల్వు దగ్గర మొదలు. ఎక్కించడం వాల్వు దగ్గర ముగింపు. మరోసారి అంటాను. విప్పడం వాల్వు దగ్గర మొదలు. ఎక్కించడం వాల్వు దగ్గర ముగింపు.

మోకాలితో ఎదురు పక్కను గాడిలోకి నొక్కి పట్టండి. వాల్వుకు కొంచెం పక్కగా లివరు మొన పెట్టండి. మొన టైరు అంచును పట్టుకునేంతే లోపలికి వెళ్లాలి. అంతకన్నా లోతుకు పోతే ట్యూబు దొరికిపోతుంది. మెల్లగా లేపండి. పక్కన రెండు మూడు వేళ్ల దూరంలో రెండో లివరు. మళ్లీ అంతే దూరంలో మూడోది. అత్యాశతో జానెడు దూరం పెట్టొద్దు. చిన్న చిన్నగా కొరుక్కుంటూ వెళ్లాలి. కాసేపటికి మిగతా అంచు చేత్తోనే వచ్చేస్తుంది. ఒక పక్క అంచు బయటికి వస్తే చాలు, ట్యూబును చేత్తో లాగెయ్యొచ్చు. టైరే మార్చాలనుకుంటే రెండో అంచును కూడా అదే పక్కకి తియ్యండి.

ట్యూబు బయటికి వచ్చాక చాలామంది ఒక పని మర్చిపోతారు. చిల్లు చేసింది ఏదో ఇంకా టైరులోనే ఉండొచ్చు. మన పొలం దారుల్లో అది చాలాసార్లు తుమ్మముల్లు. సర్కారు తుమ్మ ముల్లు టైరులోకి దిగి విరిగిపోతుంది. బయట ఏమీ కనిపించదు. లోపల మాత్రం మొన నిలబడి ఉంటుంది. చేత్తో తడిమితే వేలికి గుచ్చుకుంటుంది. అందుకని పాత నూలు గుడ్డ ఒకటి తీసుకుని, టైరు లోపలంతా మెల్లగా తుడవండి. ముల్లు ఉన్నచోట గుడ్డ దారం పట్టుకుంటుంది. దాన్ని పట్టుకారుతో లాగెయ్యండి. తర్వాత రిమ్ము చూడండి. నడిమి గాడిలో చువ్వల మొనలను కప్పుతూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. అది చిరిగినా, పక్కకు జరిగినా, చువ్వ మొన ట్యూబును లోపలి వైపు నుంచి పొడుస్తుంది. ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు, చిల్లు కనిపిస్తే రోడ్డును తిట్టుకోకండి. పట్టీ మార్చండి.

పంచరు అతకడం గురించి ఎక్కువ చెప్పను. గరుకు కాగితంతో రుద్దండి, సొల్యూషన్ పల్చగా రాయండి, అది తడి ఆరి చేతికి అంటనప్పుడు ప్యాచి వేసి గట్టిగా నొక్కండి. తడిగా ఉండగా వేస్తే నిలవదు. కొత్త టైరు వేస్తుంటే మాత్రం ట్యూబు కూడా కొత్తదే వెయ్యండి. పాత ట్యూబు సాగి ఉంటుంది. కొత్త టైరులో అది ముడతలు పడి, ఆ ముడత దగ్గరే చిరుగుతుంది.

ఇప్పుడు ఎక్కించడం. ఇక్కడే ట్యూబులు పోతాయి. కాబట్టి ఇక్కడ నెమ్మది.

మొదటి అంచుకు సబ్బు నీళ్లు రాయండి. బట్టల సబ్బు నురగ చాలు. ఇంజను ఆయిలు వద్దు, గ్రీజు వద్దు, నూనెకు రబ్బరు పాడైపోతుంది. మొదటి అంచు చాలా వరకు చేతులతోనే ఎక్కుతుంది. బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

తర్వాత ట్యూబు. ట్యూబుకు మొహానికి రాసుకునే పౌడరు పల్చగా పట్టించండి. టైరుకు అంటుకోకుండా జారుతుంది. పిన్ను బిగించి, కొంచెం గాలి కొట్టండి. ఎంత? ట్యూబు గుండ్రంగా నిలబడాలి, ఉబ్బకూడదు. గాలి అసలు లేకపోతే ట్యూబు మడతలు పడి లివరు కిందికి వస్తుంది. గాలి ఎక్కువైతే ఉబ్బి తనే లివరుకు ఎదురొస్తుంది. చేత్తో నొక్కితే మెత్తగా లొంగేంత గాలి, అంతే. వాల్వును రిమ్ము రంధ్రంలోంచి బయటికి తీసి, నట్టును రెండు మూడు చుట్లు మాత్రం తిప్పి వదలండి. ట్యూబును చుట్టూ టైరులోకి సర్దండి.

ఇక రెండో అంచు. వాల్వుకు సరిగ్గా ఎదురు పక్క మొదలుపెట్టండి. అంచును గట్టు దాటించి, గాడిలోకి దించండి. దాని మీద మోకాలు పెట్టి కూర్చోండి. ఇప్పుడు రెండు చేతులతో అటూ ఇటూ, సమంగా, వాల్వు వైపు తోసుకుంటూ రండి. సగం దాకా చేత్తో వస్తుంది. ముప్పావు దాకా చేత్తో వస్తుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది. అందరి చెయ్యీ లివరు మీదికి పోయేది ఇక్కడే. ఆగండి. గాజు గుర్తు చేసుకోండి. ఎదురు పక్కకు వెళ్లి చూడండి. అంచు గాడిలోంచి పైకి లేచి ఉంటుంది. చుట్టూ పిండుతూ మళ్లీ గాడిలోకి నొక్కండి. మిగిలిన చోట కాస్త సబ్బు నురగ రాయండి. తిరిగొచ్చి చూస్తే రెండు వేళ్ల వదులు కనిపిస్తుంది. ఇందాక బిగుసుకున్న టైరు ఇదేనా అని మీకే ఆశ్చర్యం వేస్తుంది.

చివరి బెత్తెడు చేత్తో తోస్తే పడిపోవచ్చు. పడకపోతే లివరు వాడండి. ముందు వాల్వును వేలితో లోపలికి తొయ్యండి, అక్కడి ట్యూబు అంచు కింద ఇరుక్కోకుండా పైకి పోతుంది. లివరు మొన కొంచెం, ఎత్తు కొంచెం, రెండు వేళ్ల దూరం ఒక్కోసారి. చేతికి ఏదో రబ్బరు మెత్తగా అడ్డు తగిలినట్టు అనిపిస్తే అది ట్యూబు. లివరు వెనక్కి తీసి, మళ్లీ పెట్టండి.

అంచు పడ్డాక వెంటనే గాలి కొట్టకండి. రెండు పక్కలా, చుట్టూ, టైరు అంచును వేళ్లతో లోపలికి ఒత్తి చూడండి. ఎక్కడైనా ట్యూబు తొంగి చూస్తుంటే సర్దండి. వాల్వును ఒకసారి లోపలికి తోసి బయటికి లాగండి. తర్వాత సగం గాలి కొట్టండి. చక్రాన్ని నేల మీద నాలుగైదుసార్లు తట్టండి. ఆ గాలి వదిలెయ్యండి. లోపల ట్యూబుకు ముడతలు ఉంటే సర్దుకుంటాయి. ఇప్పుడు బండి పుస్తకంలో చెప్పినంత గాలి కొట్టండి. టైరు పక్కన, రిమ్ముకు దగ్గరగా, చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది. ఆ గీతకూ రిమ్ముకూ దూరం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి మునిగి ఉంటే అక్కడ అంచు ఇంకా గాడిలోనే ఉంది. గాలి తీసి, సబ్బు రాసి, మళ్లీ కొట్టండి. అలాగే వదిలేస్తే బండి ఎగురుతున్నట్టు నడుస్తుంది.

వాల్వు నట్టును రిమ్ముకు బిగించేయకండి. టైరు ఎప్పుడైనా రిమ్ము మీద కొద్దిగా జరిగితే ట్యూబు దాంతో పాటు జరుగుతుంది. నట్టు బిగిసి ఉంటే వాల్వు మొదలు చిరిగిపోతుంది. వదులుగా ఉంటే వాల్వు పక్కకు వాలి, మీకు ముందే చెప్తుంది. నిటారుగా ఉండాల్సిన వాల్వు వాలి కనిపించిందంటే గాలి తక్కువైందని అర్థం.

చక్రం బిగించాక ఒక్క మాట, ఇది ట్యూబు కన్నా ముఖ్యం. బ్రేకు ప్లేటు దాని గాట్లో కూర్చుందా, బ్రేకు రాడ్డు తగిలించారా, ఇరుసు నట్టు బిగించారా, చూసుకోండి. బండి స్టాండు మీద ఉండగానే చక్రం తిప్పి బ్రేకు నొక్కండి. చక్రం ఆగితేనే వీధిలోకి వెళ్లండి. మర్నాడు పొద్దున గాలి మరోసారి చూడండి.

శ్రోతలారా, ఈ పనిని అవసరం పడిన రోజున, చీకట్లో, పాల క్యాన్లు ఎదురుచూస్తుండగా మొదటిసారి చెయ్యకండి. పంచరు షాపులో అడిగితే పనికిరాని పాత టైరు ఒకటి, పాత ట్యూబు ఒకటి ఇస్తారు. ఈ ఆదివారం తీరిగ్గా కూర్చుని, ఆ పాత టైరునే మీ చక్రానికి రెండుసార్లు ఎక్కించి, రెండుసార్లు విప్పండి. పక్కన మీ అమ్మాయినో అబ్బాయినో కూర్చోబెట్టుకోండి. ఎదురు పక్క మోకాలితో నొక్కి పట్టే పని వాళ్లకివ్వండి.